ఎండాకాలంలో ఫుల్ ఫేస్ హెల్మెట్: తల ఉడికిపోకుండా ఏది తీసుకోవాలి?

మధ్యాహ్నం షిఫ్ట్ (ప్రశ్న)

రోజూ బైక్ మీద పోనూ రానూ 44 కిలోమీటర్లు. వెళ్లేది పొద్దున్నే కాబట్టి ఫర్వాలేదు. తిరిగొచ్చేది మధ్యాహ్నం రెండున్నరకి. నాది నల్ల ఫుల్ ఫేస్, కొని నాలుగేళ్లయింది. ఎండ ముదిరితే సిగ్నల్ దగ్గర ఆగిన అర నిమిషానికే నుదుటి మీద చెమట కారి కళ్లలో పడుతోంది. గ్లవ్స్‌తో తుడుచుకోలేను, వైజర్ ఎత్తితే సెగ మొహానికి కొడుతుంది. మొన్న ఒక మలుపులో ఎడమ కన్ను భగ్గున మండి రెండు సెకన్లు రోడ్డు కనబడలేదు. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి బతికిపోయాను. అప్పటి నుంచి ఆ మలుపు వస్తుందంటేనే టెన్షన్.

అందుకే కొత్తది కొందామనుకుంటున్నా. గడ్డం, మొహం తెరిచి ఉండే ఓపెన్ ఫేస్‌కి మారిపోదామా అని ఒక ఆలోచన. ఫుల్ ఫేస్‌లోనే ఒక సైజు పెద్దది తీసుకుంటే లోపల గాలి ఆడుతుందని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. నలుపు మానేసి తెలుపు తీసుకుంటే సగం వేడి తగ్గుతుందని ఇంకొకాయన. రోజూ ఎండలో తిరిగేవాళ్లు చెప్పండి.

కొరియర్ అన్న

తమ్ముడూ, నేను పదహారేళ్లుగా బండి మీదే బతుకుతున్నా. మిగతావి తర్వాత, ముందు ఆ పెద్ద సైజు ఆలోచన మానెయ్. హెల్మెట్‌లో గాలి ఆడేది వదులు వల్ల కాదు, లోపలున్న దారుల వల్ల. వదులుగా ఉన్నది పడ్డప్పుడు తల మీద నిలవదు, నేలకి తగిలేలోపే ఊడిపోవచ్చు.

ఓపెన్ ఫేస్ సంగతి నా అనుభవంతో చెబుతా. ఇసుక మీద ముందు చక్రం జారి పడ్డాను. స్పీడు ముప్పై కూడా లేదు. లేచి చూసుకుంటే హెల్మెట్ గడ్డం దగ్గర పెయింటు మొత్తం గీరుకుపోయి, లోపలి ఫైబర్ పీచు బయటికొచ్చింది. అరచేయంత మేర. ఆ గడ్డం భాగం లేకపోతే గీరుకుపోయేది నా దవడే. ఆ రోజు నుంచి ఎంత ఎండైనా ఫుల్ ఫేసే.

ఇక వెంట్లు. పైన ఎన్ని కంతలున్నాయని లెక్కపెట్టకు. చాలా వాటిలో బయట ప్లాస్టిక్ మూత అందంగా ఉంటుంది, లోపలికి దారి ఉండదు. షాపులో లోపలి కుషన్ విప్పి చూపించమను. నీడ వైపు తిరిగి, బయటి నుంచి వెంట్ మీద ఫోన్ టార్చ్ పెట్టు. లోపల థర్మోకోల్‌లో వెలుగు చుక్క కనిపిస్తే ఆ వెంట్ పని చేస్తుంది. కనిపించకపోతే అది బొమ్మ వెంట్. థర్మోకోల్‌లో నుదుటి నుంచి వెనక్కి వేలు పట్టేంత గాడి కూడా ఉండాలి. బండి కదులుతున్నప్పుడు హెల్మెట్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, వెనక కంతలుంటే అవి లోపలి వేడి గాలిని లాగేస్తాయి. ముందు నాలుగు పెట్టి వెనక ఒక్కటీ లేకపోతే గాలి వచ్చి ఎటు పోతుంది?

సైజుకి టేపుతో కనుబొమ్మల పైన రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో తల చుట్టూ కొలుచుకో. పెట్టుకుని స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి ఎత్తి చూడు. ఊడొచ్చిందంటే అది నీది కాదు. పక్కకి తిప్పితే హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. కొత్తలో బుగ్గల దగ్గర బిగుతుగా ఉంటే భయపడకు, ఆ కుషన్ వాడే కొద్దీ సర్దుకుంటుంది. కానీ నుదుటి మీద ఒకే చోట నొక్కుతుంటే మాత్రం సర్దుకోదు. పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టుకునే ఉండు. షాపువాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకు.

సాయంకాలం రైడర్

అన్నగారి మాటలతో ఏకీభవిస్తాను. రంగు గురించి నేను చెబుతానండి. ఎండలో ఆపిన బండి మీద నల్ల హెల్మెట్ పెట్టి వెళితే పైభాగం బాగా కాలుతుంది, నిజమే. కానీ నడుపుతున్నప్పుడు ఆ వేడిని గాలి లాక్కుపోతుంది. మిగిలినది తలదాకా రాకుండా థర్మోకోల్ ఆపుతుంది. కాబట్టి రంగు మార్చినంత మాత్రాన సగం వేడి తగ్గదు. తెలుపు తీసుకోమనే నేనూ చెబుతాను, కారణం వేరు. అది ఎదుటివాళ్లకి కనిపిస్తుంది. 2004లో అచ్చయిన న్యూజిలాండ్ అధ్యయనంలో, నల్ల హెల్మెట్ వాళ్లతో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకి గాయాలయ్యే ప్రమాదాల ముప్పు 24 శాతం తక్కువని తేలింది.

ఇంకో మాట. మన చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. బయట గాలి అంతకంటే వేడిగా ఉంటే ఉత్త గాలి తగిలినా తల చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. అందుకే హెల్మెట్ కింద పల్చటి, చెమట పీల్చే టోపీ పెట్టుకోండి. మీ కళ్ల సమస్యకి ముందు కావాల్సింది ఇదే. నుదుటి చెమట కారకుండా టోపీలోకి పోయి, వెంట్ గాలికి ఆరుతుంది. కొలిచేటప్పుడు, హెల్మెట్ పెట్టి చూసేటప్పుడు కూడా ఆ టోపీతోనే చూడండి. పొడి ఎండలో మెడకి తడిగుడ్డ చుట్టుకున్నా హాయిగా ఉంటుంది. ఉక్కపోత ప్రాంతంలో అంత పని చేయదు, తేమలో గుడ్డ ఆరదు కాబట్టి.

గడ్డం కింద చలికాలానికని ఇచ్చే గుడ్డ ఉంటే తీసేయండి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా బండి నీడలో ఆపేయండి, ఇల్లు దగ్గరే కదా అనుకోవద్దు.

రోజూ రైడర్

కుషన్ ఊడొచ్చేదే తీసుకోండి. వారానికోసారి బేబీ షాంపూతో ఉతికి నీడలో ఆరేస్తే కంపు రాదు. థర్మోకోల్‌కి పెట్రోల్, థిన్నర్ తగలనివ్వద్దు, కరిగిపోతుంది. అద్దానికి తగిలించడం కూడా మానండి, లోపల సొట్ట పడుతుంది.

గడ్డం భాగం పైకి లేచే మాడ్యులర్ రకం చూస్తుంటే స్ట్రాప్ మీద ఈసీఈ (యూరప్ భద్రతా ప్రమాణం) లేబుల్ చదవండి. పీ/జే అని ఉంటే గడ్డం మూసినా తెరిచినా పరీక్షలో నెగ్గినట్టు. ఎన్‌పీ అని ఉంటే ఆ గడ్డం భాగం రక్షణ ఇవ్వదు.

మధ్యాహ్నం షిఫ్ట్

అందరికీ థాంక్స్. రాత్రి లైటు ఆపి పాతదానికి టార్చ్ పెట్టి చూశాను. పైన మూడు వెంట్లలో ఒక్కదానిలోనే వెలుగు కనబడింది. వెనక రెండూ బొమ్మలే. నాలుగేళ్లు మూత తెరవడం మూయడం చేస్తూనే ఉన్నాను.

టోపీతో కొలిస్తే 57న్నర సెంటీమీటర్లు. మొదట చూసింది ఇరవై నిమిషాలకి నుదుటి మధ్య ఎర్ర గీత పెట్టింది, తిరిగిచ్చేశా. రెండోది సరిపోయింది. తెల్లది, వెనక కంతలున్నది. వారం నుంచి వాడుతున్నా. బండి కదిలితే నెత్తి మీద గాలి పాకుతున్నట్టు తెలుస్తోంది. సిగ్నల్ దగ్గర ఉక్క అలాగే ఉంది కానీ చెమట కళ్లలోకి ఒక్కసారి కూడా రాలేదు.

పాతదాని స్ట్రాప్ రెండు వైపులా కత్తిరించి పారేశాను, ఇంకెవరూ తీసుకుని పెట్టుకోకుండా.