కదిలే రొయ్య బోర్డు: కాళ్లు ఎలా ఆడించాలి?

ప్రశ్న, కొత్తపట్నం నుంచి:
మాది బీచ్ దారిలో చిన్న భోజన హోటల్. మైపాడులో హోటల్ నడుపుతున్న మిత్రుడితో సరదా పందెం పడింది. సంక్రాంతి సెలవుల్లో ఎవరి బోర్డు చూసి ఎక్కువ బండ్లు ఆగుతాయో తేల్చుకోవాలి. బొమ్మ సముద్ర జీవి కావాలి, ఏ పక్క నుంచి చూసినా నిండుగా కనిపించాలి, ఏదో ఒక భాగం యంత్రంతో కదలాలి, కొని తెచ్చింది చెల్లదు. ఓడినవాళ్లు రెండు కుటుంబాలకూ చేపల పులుసు పెట్టాలి. అతను ముందు కాళ్లు తెరిచి మూసే పీతను చేస్తున్నాడు. నేను ఆరడుగుల రొయ్యను ఎంచుకున్నాను. ఇనుప చట్రం నేనే కట్టుకోగలను. అట్టతో నమూనా చేసి కాళ్లన్నీ ఒకేసారి ఆడిస్తే కీలుబొమ్మలా ఉంది. ఏం చేయాలి?

జవాబు, కావలి, వెల్డింగు షెడ్డు:
తమ్ముడూ, అన్ని కాళ్లూ ఆడించాలనే ఆశ వదులుకో. రొయ్యకు ముందు వైపు నడిచే కాళ్లు ఐదు జతలు, పొట్ట కింద ఈదే కాళ్లు ఐదు జతలు. నడిచే కాళ్లు బిగించెయ్. ఈదే కాళ్లే ఆడాలి, అవీ ఒక్కసారిగా కాదు. చెరువులో ఈదే రొయ్యను చూడు: తోక దగ్గరి జత మొదట కొడుతుంది, ఆ తర్వాత దాని ముందు జత, అలా తల వైపు అల పాకుతుంది. ఆ అల వస్తే చాలు, రొయ్యకు ప్రాణం వచ్చినట్టే.

దానికి పొట్టలో పొడవునా ఒక ఇరుసు, దాని మీద ఐదు క్రాంకులు (ఇరుసుతో పాటు తిరుగుతూ కడ్డీని ముందుకూ వెనక్కూ ఆడించే వంకర చేతులు). ఒక్కో క్రాంకు పక్కదానికి 72 డిగ్రీలు తిరిగి ఉండాలి (360ని ఐదుతో భాగించు). ప్రతి క్రాంకు నుంచి ఒక కడ్డీ ఆ జత కాళ్ల కీలుకు పోతుంది. మోటారుగా పాత సామాన్ల అంగట్లో దొరికే కారు వైపర్ మోటారు, 12 వోల్టులది. అది నిమిషానికి నలభై చుట్లకు పైనే తిరుగుతుంది, బోర్డుకు ఆ వేగం ఎక్కువ. మోటారుకు 16 పళ్ల సైకిల్ ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రం), ఇరుసుకు 48 పళ్ల చక్రం వేసి గొలుసు తగిలిస్తే వేగం మూడో వంతవుతుంది. ఫ్రీవీల్ ఒక పక్కకు జారుతుంది కాబట్టి వెల్డింగుతో బిగించాలి. అల తల నుంచి తోకకు పోతుంటే ఇరుసు ఎదురు తిరుగుతోందని అర్థం, మోటారు వైర్లు తారుమారు చెయ్. కొన్ని వైపర్ మోటార్లకు బాడీయే ఎర్త్, అంటే రెండో తీగ పని బాడీయే చేస్తుంది. అలాంటిదైతే చట్రానికి తగలకుండా రబ్బరు ముక్కల మీద బిగించాలి.

జవాబు, ఒంగోలు, పెయింటింగు పని:
ఎర్ర రంగు మాత్రం వేయకండి. రొయ్య ఉడికితేనే ఎర్రబడుతుంది. ఎర్ర రొయ్య ఈదుతుంటే మన జిల్లాలో నవ్వకుండా ఎవరుంటారు? చారలున్న టైగర్ రొయ్య అయితే దూరానికీ తెలుస్తుంది, తెల్లగా ఉండే వెనామీ ఆకాశంలో కలిసిపోతుంది.

ప్రశ్న, కొత్తపట్నం నుంచి:
చారలే వేస్తాను. ఉప్పుగాలి సంగతేమిటి? రోజంతా నడపవచ్చా?

జవాబు, కావలి, వెల్డింగు షెడ్డు:
కదిలే చోట్ల ఇనుప బోల్టు వద్దు. 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ బుష్‌లు (బోల్టు చుట్టూ తొడిగే గొట్టపు ముక్కలు) వాడు. 304 రకం సముద్రం పక్కన మచ్చలు పడుతుంది. గాలిని తేలిగ్గా తీసుకోవద్దు. గంటకు 120 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 68 కిలోల బలంతో తోస్తుంది. పొట్ట, వీపు రేకుతో పూర్తిగా మూయకుండా చారల మధ్య జాలీ వదిలితే భారం కొంత తగ్గుతుంది. మీసాలు గట్టి కడ్డీతో కాక, వంగి లేచే ఫైబర్ కర్రతో పెట్టు. తుపాను హెచ్చరిక వస్తే బొమ్మను దించేయగలిగేలా అడుగున నాలుగు బోల్టులే ఉంచు.

వైపర్ మోటారు గంటల తరబడి తిరగడానికి చేసింది కాదు. టైమర్ పెట్టి ఐదు నిమిషాలు నడిపి, పది నిమిషాలు ఆపు. మోటారును ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంటే విరామం ఇంకా పెంచు. 230 వోల్టుల నుంచి 12కు మార్చే పెట్టెను బొమ్మలో పెట్టవద్దు, హోటల్ లోపల గోడకు బిగించి, బయటికి 12 వోల్టుల తీగ మాత్రమే లాగు.