నింపిన కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్ కాదనవచ్చా?

నీలిసిరా
మా డీటీపీ సెంటర్లో రెండు లేజర్ ప్రింటర్లున్నాయి. పాతది 12ఏ రకం కార్ట్రిడ్జ్‌తో, అంటే టోనర్ అనే సిరా పొడి ఉండే డబ్బాతో నడుస్తుంది. డబ్బా ఎవరిదో ప్రింటరుకు చెప్పే చిప్ దానికి లేదు కాబట్టి ఎన్నిసార్లు టోనర్ నింపించినా పేచీ పెట్టదు. కొత్తది మాత్రం నింపించిన కార్ట్రిడ్జ్‌తో మూడు వారాలు చక్కగా పనిచేసి, ఒక రాత్రి అప్‌డేట్ వేసుకుని, తెల్లవారేసరికి ‘ఈ కార్ట్రిడ్జ్ చెల్లదు’ అని మొండికేసింది. అప్పటికే హాల్ టికెట్ల కోసం పిల్లలు గుమ్మం దాకా వరుస కట్టారు. డబ్బిచ్చి కొన్నాక ఆ డబ్బా నాది కాదా?

కౌంటరు మనిషి
నీలిసిరా గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ డీలరుగా నేను చూసే మోసాలు కూడా వినండి. ఖాళీ డబ్బాలు కొని, నాసిరకం పొడి నింపి, కొత్త సరుకు ధరకు అంటగడుతున్నారు. అందుకే పెట్టె మీద హోలోగ్రామ్ వచ్చింది. నికెల్ అచ్చుతో పల్చని పొర మీద వేసిన సన్నని గాడులు వెలుగును రంగులుగా విడదీస్తాయి. కలర్ జిరాక్స్‌కు రంగు అందుతుంది గానీ గాడి అందదు. అయితే హోలోగ్రామ్ పెట్టెకు సాక్ష్యం, లోపలి సరుకుకు కాదు. అసలు పెట్టెలనే పాత సామాన్లవాళ్ళ దగ్గర ఏరి కొనేవాళ్ళున్నారు. చిప్ ఉంటేనే లోపలిది ఎవరిదో తెలుస్తుంది.

రీఫిల్ మేస్త్రి
18 ఏళ్ళుగా నాది ఇదే పని. నింపడమంటే కన్నం పెట్టి పొడి పోయడం కాదండీ. పిన్నులు తీసి రెండు భాగాలూ విడదీస్తాం. వేస్ట్ టోనర్ దులుపుతాం. అచ్చు బొమ్మ ముందుగా పడే గొట్టాన్ని, అంటే డ్రమ్మును వెలుతురు తగలకుండా నల్లగుడ్డలో చుట్టి పక్కన పెడతాం. దాని మీద గీత పడి ఉంటే మార్చేస్తాం, లేకపోతే పేజీ పేజీకీ అదే చోట చార వస్తుంది. డ్రమ్మును తుడిచే వైపర్ బ్లేడ్ అంచు అరిగిందేమో దీపం కింద చూస్తాం. పొడిని డ్రమ్ముకు అందించే మాగ్నెట్ రోలర్, డ్రమ్ముకు విద్యుదావేశం ఇచ్చే పీసీఆర్ రోలర్, ప్లాస్టిక్ గూడు మాత్రం చాలాసార్లు ఇంకా గట్టిగానే ఉంటాయి. గోరంత చిప్ ఒక్కటే ‘నా పని అయిపోయింది’ అంటుంది. దాని మాట విని మిగతాదంతా చెత్తలో వేయాలా?

చట్టం చదివినవాడు
ఈ తగవు రెండు దేశాల సుప్రీంకోర్టుల దాకా వెళ్ళింది. వచ్చిన జవాబులు ఒకటి కావు.

జపాన్‌లో 2007 నవంబరులో కానన్ గెలిచింది. వాడేసిన కానన్ ఇంకు ట్యాంకులకు రంధ్రం చేసి, కడిగి, సిరా నింపి విదేశం నుంచి తెప్పించి అమ్మింది రీసైకిల్ అసిస్ట్ అనే సంస్థ. ట్యాంకులో రెండు స్పాంజిలు ఒకదానికొకటి ఒత్తుకునే చోట సిరా కారకుండా నిలుస్తుంది. కానన్ పేటెంట్‌కు ప్రాణం అదే. సిరా ఎండిపోయాక ఆ అడ్డు చెడిపోతుందని, కడిగి నింపితే దాన్ని మళ్ళీ తయారుచేసినట్లేనని కోర్టు తేల్చింది.

అమెరికాలో 2017 మే 30న ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్, నింపిన కార్ట్రిడ్జ్‌లు అమ్మే సంస్థ మీద వేసిన కేసులో ఓడింది. కార్ట్రిడ్జ్ మీద సుమారు 20 శాతం తగ్గింపు ఇచ్చి, ‘ఒక్కసారే వాడాలి, మాకే తిరిగివ్వాలి’ అని షరతు పెట్టి, చిప్ కూడా బిగించింది. అమ్మడంతోనే ఆ వస్తువు మీద పేటెంట్ హక్కు తీరిపోతుందని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ తీర్పు రాశారు. కానీ ఆ తీర్పు చిప్‌ను నిషేధించలేదు. పేటెంట్ చట్టం ఇవ్వని పట్టును సాఫ్ట్‌వేర్‌తో బిగిస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

కౌంటరు మనిషి
షరతు తెలిసే తక్కువ ధరకు కొన్నారు కదా! పైగా మేస్త్రి గారిలా అందరూ చేయరు. పొడి కారి ప్రింటరే పాడైతే తిట్లు కంపెనీకే.

నీలిసిరా
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే చిప్‌ను పీకేయమనడం లేదు. ‘ఇది మేము నింపినది కాదు’ అని తెర మీద చూపించనివ్వండి. హోలోగ్రామ్ కూడా ఉండనివ్వండి, అది నన్ను మోసం నుంచి కాపాడుతుంది, నా పని ఆపదు. ముద్రణ ఆపే హక్కు మాత్రం అమ్మేసినవాడికి ఉండకూడదు. మన ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లతోపాటు కార్ట్రిడ్జ్‌లను కూడా చేర్చారు. పనికొచ్చే దాన్ని వ్యర్థం చేసే తాళాన్ని ఆ నిబంధనల్లోనే అడ్డుకోవాలి.

కౌంటరు మనిషి
తెర మీద హెచ్చరికను ఎవరు చదువుతారండీ? చూడకుండా ‘సరే’ నొక్కేస్తారు. నింపినవాడి పేరు డబ్బా మీదే ఉండాలి.

రీఫిల్ మేస్త్రి
డ్రమ్ము మార్చిన తేదీ లోపలి గోడ మీద మార్కరుతో రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఇకపై బయట కూడా రాస్తాను, నా పేరుతో సహా.