ఈ-పాస్ (తెలంగాణ సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్) ఫ్రెష్ అప్లికేషన్ పెట్టే ముందు ఏమేం చూసుకోవాలె?

చందంపేట_టీచర్:
మా దిక్కు తండాల నుంచి పది మంది దాక ఈసారి డిగ్రీల చేరుతున్నరు, దోస్త్‌ల (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) సీట్లొచ్చినయి. ఈ-పాస్‌ల ఎక్కువ మందికి ఎక్కడ ఆగుతుంది? ముందే తెలిస్తే మీసేవకు ఒక్కసారే తీస్కపోతం.

మీసేవ_కౌంటర్:
సార్, మొదట టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం కలపండి. మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంటది, ఆధార్‌ల ఒక్క పొడి అక్షరం ఉంటది. తండా పిల్లలకు ఇదే పెద్ద తంటా. మెమో మార్పియ్యాలంటే బోర్డు దాక పోవాలె, అందుకే ఆధార్‌నే మెమో ప్రకారం మార్చుకోండి. ఆధార్‌ల పేరు జన్మల రెండుసార్లే, పుట్టినతేది ఒక్కసారే మార్చనిస్తరు. కాబట్టి రెండూ ఒకే ఫారంల పెట్టండి. ఆపరేటర్ ఇచ్చే స్లిప్పు మీద ఇంగ్లీషు పేరు చదివినంకనే కౌంటర్ దగ్గర్నుంచి కదలాలె. తెలుగుల మంచిగుండి ఇంగ్లీషుల ఒక అక్షరం పోతే మళ్ళీ మొదటికొస్తది, ఒక చాన్సు కూడ పాయె.

చందంపేట_టీచర్:
కాలేజీల వేలిముద్ర పడకపోవుడు ఎందుకు?

మీసేవ_కౌంటర్:
చాలామందికి అది మిషన్ తప్పు కాదు. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్నోళ్ళు 15 ఏండ్లు నిండినంక బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలె. చేయించకపోతే రికార్డుల ఐదారేండ్ల పిల్లగాని వేళ్ళే ఉంటయి, ఇప్పటి వేలు ఎట్ల కలుస్తది? పత్తి ఏరి, మిర్చి తెంపి వేళ్ళు అరిగినోళ్ళది వేరే సంగతి. కాలేజీల బొటనవేలు ఒక్కటే పెట్టి వదిలెయ్యకుండ పది వేళ్ళూ చూడమనండి.

పాలమూరు_క్యాషియర్:
బ్యాంకు సంగతి నేను చెప్త. ఖాతాకు ఆధార్ నంబర్ ఇచ్చుడు వేరు, ఎన్‌పీసీఐల (బ్యాంకుల పేమెంట్లు నడిపే సంస్థ) ఆధార్‌ను ఒక ఖాతాకు కలిపే మ్యాపింగ్ వేరు. ఆధార్ మీద వచ్చే సర్కారు పైసలు ఆఖరుకు మ్యాప్ అయిన ఖాతాకే పోతయి. సిమ్ము కొన్నప్పుడు పేమెంట్ బ్యాంకు ఖాతా తెరిపిస్తరు చూడు, అప్పుడు మ్యాపింగ్ అటు మారొచ్చు. పిల్లగాడు గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్కు ఎక్కిచ్చుకుంటూ పైసలు రాలేదని తిరుగుతుంటడు. మైఆధార్ సైటుల ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిస్తే ఏ బ్యాంకో పేరు కనపడతది. ఖాతా పిల్లగాని పేరు మీదనే ఉండాలె, అమ్మానాయినలది నడవది. 18 నిండకముందు తెరిచిన ఖాతాకు మళ్ళీ కేవైసీ ఇయ్యాలె. రెండేండ్లు లావాదేవీ లేకుంటే ఖాతా పనిచెయ్యకుండ పోతది.

అచ్చంపేట_శీను:
ఇన్‌కం సర్టిఫికెట్ ఇంటర్‌ల తీసిందే ఉంది. అదే పెడితే ఐపోతది కదా.

కాలేజీ_స్కాలర్‌షిప్_సెక్షన్:
వద్దు తమ్మీ. ఇంటర్ నుంచి డిగ్రీకి పోతే అది రెన్యువల్ కాదు, ఫ్రెష్. ఆదాయం పత్రం కొత్తది తియ్యాలె. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వచ్చిన రోజు అమ్మానాయిన బొంబాయిలనో పుణెలనో ఉంటే కాయితం అక్కడనే పండుకుంటది. పండుగకు ఊరికొచ్చినప్పుడే చేయించి పెట్టుకున్నోళ్ళకు నిమ్మళం. బీసీలకు పరిమితి పల్లెలల్ల 1.5 లక్షలు, పట్నాలల్ల 2 లక్షలు.

ఆన్‌లైన్‌ల సబ్మిట్ కొట్టంగనే పని అయిందనుకుంటరు. అప్లికేషన్ ప్రింటు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, కులం, ఆదాయం, ఆధార్, పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సులు కాలేజీల ఇచ్చి వేలిముద్ర పెడితేనే మేం పైకి పంపగలం. ఆ తర్వాత జిల్లా సంక్షేమ ఆఫీసుల సాంక్షన్, అటెన్క ట్రెజరీల బిల్లు. స్టేటస్ పేజీల ఎక్కడ ఆగిందో చదివి ఆ గడప తొక్కండి. కాలేజీ దగ్గర పెండింగుంటే కలెక్టరేట్‌కు తిరిగి చెప్పులరుగుడే. హాజరు 75 శాతం తగ్గొద్దు.

నకిరేకల్_బీటెక్:
ఇంజనీరింగోళ్ళకు ఒక మాట. బీసీలకు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు 10,000 లోపుంటే మొత్తం ఫీజు, దాటితే 35,000 దాకనే. మిగిలింది సొంతంగ కట్టుకోవాలె. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు లెక్క లేదు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ సీట్లకు (కౌన్సెలింగ్ అయినంక కాలేజీలే నింపేటియి) ఎవ్వరికీ రాదు. ‘స్పాట్‌ల చేరుండ్రి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటం’ అనే ఏజెంటు మాట నమ్మొద్దు. ఆడపిల్లలైతే ఏఐసీటీఈ (సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ) ప్రగతి స్కాలర్‌షిప్ కూడ చూడాలె: ఏడాదికి 50,000, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్ల ఇద్దరి దాక. మొదటి ఏడాది గాని, లేటరల్ ఎంట్రీల (డిప్లొమా చేసి నేరుగ) రెండో ఏడాది గాని చేరినప్పుడే పెట్టాలె. అది ఈ-పాస్‌ల ఉండదు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ల ఉంటది.

చందంపేట_టీచర్:
నల్లగొండల హాస్టల్ సీటు దొరికితే మెయింటెనెన్స్ (తిండి, ఖర్చుల) పైసలు పిల్లల చేతికొస్తయా?

కాలేజీ_స్కాలర్‌షిప్_సెక్షన్:
సంక్షేమ శాఖ హాస్టలైతే అవి హాస్టల్‌కే పోతయి, ఖాతాల పడవు. కాలేజీ పిల్లల మెస్ చార్జి 2024 నవంబర్ నుంచి నెలకు 1,500 కాడికెల్లి 2,100 అయింది. అప్లికేషన్‌ల డే స్కాలర్ అని పెట్టి హాస్టల్‌ల ఉంటే లెక్క తేడా కొడతది, సాంక్షన్ ఆగుతది. సీటు ఖాయమైనంకనే ఆ గడి నింపుండ్రి.

మీసేవ_కౌంటర్:
సార్, ముందు ఆధార్ పని మొదలువెట్టండి, అప్‌డేట్ అయ్యేటందుకు రోజులు పడతయి. వచ్చేటప్పుడు మెమో ఒరిజినల్ తేవాలె, జిరాక్సు నడవది.