హార్లెక్విన్ అసలు ఎవరు: దయ్యమా, పనివాడా?

పదశోధి: పాత ముసుగు నాటకాల్లో రంగురంగుల ముక్కల బట్టలు, నల్ల ముసుగు వేసుకుని గెంతే హాస్యపాత్ర హార్లెక్విన్ పక్కా ఇటలీవాడని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. వేషం ఇటలీదే, పేరు కాదు. 1091 జనవరి 1 రాత్రి ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒక చర్చి ఫాదర్‌కి ప్రేతాల ఊరేగింపు ఎదురైందట. 'ఇది హెర్లెకిన్ పరివారమే' అని ఆయన అనుకున్నట్టు ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి చరిత్రకారుడు 12వ శతాబ్దంలో రాశాడు. ఇటలీ కవి దాంతే కావ్యంలో వర్ణించిన నరకంలోనూ అలికీనో అనే దయ్యం ఉంది. ఆ ముసుగు నుదుటి మీద బొడిపె చూడండి, అరిగిన కొమ్ము అది.

తెరవెనక: ఆ నిన్నటివాణ్ణి నేనే. బొడిపె కొమ్మని ఎవరు చెప్పారండీ? తోలు ముసుగు మీద మొటిమ ఉంటే జనం నవ్వుతారు, అంతే.

పదశోధి: కొమ్మే అని చాలామంది పండితులు రాశారు.

తెరవెనక: పండితులు ఆ ముసుగు పెట్టుకుని చెమట కార్చారా?

చిట్టి: హార్లీ క్విన్ అనుకుని వచ్చాను 😅 ఆమె 1992 బ్యాట్‌మన్ కార్టూన్‌లో పుట్టింది. పేరు మాత్రం ఇక్కడిదే.

డేన్ నాన్న: మా గ్రేట్ డేన్ కుక్క కూడా హార్లెక్వినే, ఆ రంగుకి అదే పేరు. తెల్లటి ఒంటి మీద చింపి అతికించినట్టు నల్ల మచ్చలు. దయ్యం మాత్రం కాదు, దీపావళి వస్తే బాత్‌రూం వదలదు.

తెరవెనక: డేన్ నాన్న గారూ, అసలు బట్టలు అలాగే ఉండేవి. ఇప్పుడు చూసే చక్కటి డైమండ్ గళ్లు తర్వాత వచ్చాయి. మొదట అడ్డదిడ్డంగా కుట్టిన అతుకులే. పేదవాడి బట్టలు. నాటకంలో వాడు ఇటలీలోని బెర్గామో వైపు నుంచి వచ్చిన పనివాడు, ఎప్పుడూ ఆకలే. చేతిలో రెండు చెక్కపలకల కర్ర. మెల్లగా తగిలినా పలకలు ఒకదానికొకటి కొట్టుకుని ఠపీమని మోగుతుంది, దెబ్బ మాత్రం ఉండదు. ఈ వేషానికి ఆ పేరు పెట్టి 1580ల్లో పారిస్‌లో ఆడినవాడు ట్రిస్టానో మార్టినెల్లీ అనే ఇటలీ నటుడు. 1601లో ఫ్రాన్స్ రాజుగారికి ఒక పుస్తకం అంకితమిచ్చాడు, అందులో చాలా పేజీలు ఖాళీ! అదీ వాడి తమాషా.

పదశోధి: ఇదంతా వేషం గురించి. నేనడిగింది పేరు గురించి. 1091కీ 1580కీ మధ్య దాదాపు 500 ఏళ్లు. ముందున్నదే మూలం.

తెరవెనక: పేరు గురించే అయితే ముసుగు మీద కొమ్ము ఎందుకు వెతికారు?

పదశోధి: మీకు చదువంటే చులకనలా ఉంది.

తెరవెనక: చులకన కాదు, మంట. మా నాన్న పగటివేషగాడు. అర్ధనారీశ్వర వేషం కట్టేవాడు. ఒంటికి ఒకపక్క చీర, ఒకపక్క పులిచర్మం. మధ్యలో చిన్న తెర పట్టుకుని ఇటు తిరిగితే పార్వతి, అటు తిరిగితే శివుడు. గొంతు కూడా క్షణంలో మారిపోయేది. ఒక పరిశోధకుడు వచ్చి మా ఇంట్లోనే భోంచేసి, ఫొటోలు తీసుకుని వెళ్లాడు. పుస్తకంలో 'ప్రాచీన శైవారాధన అవశేషం' అని ఫొటో కింద వేశాడు. నాన్న పేరు లేదు. ఆ తెర తిప్పడం ఎన్నేళ్లు సాధన చేశాడో ఎవరికీ అక్కర్లేదు. ఏ ఆటగాణ్ణి చూసినా వెనకాల దేవుడో దయ్యమో ఉందంటారు, ఆడినవాడు మాయం.

చిట్టి: అంకుల్ 🙏

మోడరేటర్: ఇద్దరూ కాస్త నెమ్మదిగా. వ్యక్తిగతంగా వద్దు.

పదశోధి: మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. దానికీ దీనికీ ముడి పెట్టకండి. పాత కథలో ఉన్న పేరు నటుడు తీసుకున్నాడు, నేనంటున్నది అంతే.

తెరవెనక: ఏ నటుడు? పొద్దుటి నుంచి ఇన్ని పోస్టులు పెట్టారు, మార్టినెల్లీ పేరు ఒక్కసారి కూడా రాయలేదు మీరు.