అప్‌డేట్: మా ఆంథూరియం మళ్లీ పూసింది

మార్చిలో ఇక్కడ మీ అందరినీ అడిగాను కదా, హాల్లో ఉన్న ఆంథూరియం ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి, ఏడాదిగా ఒక్క పువ్వూ లేదని. నీళ్లు చాలట్లేదేమో అనుకుని రోజూ పోసేదాన్ని. తప్పు అక్కడే జరిగింది.

మీరు చెప్పినట్టే కుండీలోంచి తీసి చూశాను. కోకోపీట్ (మట్టికి బదులు వాడే కొబ్బరి పీచు పొడి) బురదలా ముద్దకట్టింది. సగం వేళ్లు మెత్తబడి, పట్టుకుంటే పైతొక్క ఊడొచ్చి లోపల దారంలాంటి పోగు మిగిలింది. చూసి నిజంగా బాధేసింది. కుళ్లినవన్నీ కత్తిరించి, కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి చిన్న కుండీలోకి మార్చాను. కొలంబియా, ఈక్వడార్ అడవుల మొక్క ఇది, అక్కడ చెట్ల కొమ్మల మీద కూడా పెరుగుతుంది. వేళ్లకు గాలి ఆడాల్సిందే. ఇప్పుడు వేలు పెట్టి చూసి, పైన అంగుళం ఆరితేనే నీళ్లు. తూర్పు కిటికీ పక్కకు జరిపాను, పల్చటి కర్టెన్ వేశాను.

రెండు నెలలు ఏ కదలికా లేదు, చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక కొత్త ఆకు, దాని కాడ మొదట్లో చుట్ట చుట్టుకున్న ఎర్రటి మొగ్గ! నిన్న పొద్దున పూర్తిగా విప్పుకుంది. ఆ ఎర్రటిది నిజానికి రంగు మారిన ఆకే, అసలు పూలు మధ్యలోని పచ్చటి కంకి మీద సన్నని చుక్కల్లా ఉంటాయి. దగ్గరగా చూస్తే భలే ముచ్చటేసింది. రెండో మొగ్గ కూడా తొంగిచూస్తోంది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.