బో థ్రస్టర్‌కి ‘ముందు తోపు’ అంటే సరిపోతుందా?

పడవ కొనేవాళ్ల కోసం రాసిన గైడ్ ఒకటి తెలుగు చేస్తున్నాను. పడవని పక్కకి నెట్టే ప్రొపెల్లర్లలో ముక్కు దగ్గర ఉండే బో థ్రస్టర్‌కి ‘ముందు తోపు’, వెనక ఉండే స్టర్న్ థ్రస్టర్‌కి ‘వెనక తోపు’ అని పెట్టాను. ‘ఒక్కటే పెట్టించుకోగలిగితే ముందుదే పెట్టించుకోండి’ అన్న వాక్యం దగ్గర అనుమానం వచ్చింది. ఈ పేర్లు నిలుస్తాయా?

– నిలవవండీ. ‘ముందు తోపు’ అంటే పడవని ముందుకి తోసేదనుకుంటారు. పడవ ముక్కు దగ్గర, నీటి మట్టానికి కింద, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా ఒక గొట్టం, అందులో ప్రొపెల్లర్. ముక్కుని కుడికో ఎడమకో నెడుతుంది, అంతే. ‘పక్క’ అన్న మాట లేకపోతే పేరు తప్పుదారి పట్టిస్తుంది.

– పైగా తోపంటే మామిడితోపు. మా పిల్లలైతే ‘వాడు తోపు’ అంటారు!

– ఓడ ముందు భాగానికి నిఘంటువుల్లో ‘అణియము’ ఉంది. ‘అణియపు నెట్టుడు’ అంటే?

– అణియం చక్కటి మాటే గానీ, డబ్బు పెట్టి కొనేవాడు ఆ పేరుతో కొట్లో అడగలేడు. థ్రస్టర్‌ని థ్రస్టర్‌గానే ఉంచండి. ఇంజను, లాంచీ అలాగే వచ్చాయిగా. మొదటిసారి మాత్రం ‘ముక్కుని పక్కకి నెట్టే బో థ్రస్టర్’ అనండి. దాంతోపాటు కారణమూ రాయండి. ఒకే ప్రొపెల్లర్ ఉన్న పడవలో అది తోసే నీళ్లు చుక్కానికి తగులుతాయి కాబట్టి, కాస్త గేరు వేసి వెనక భాగాన్ని జరుపుకోవచ్చు. ముక్కుకి ఆ దిక్కు లేదు. జెట్టీ దగ్గర నెమ్మదించాక పక్కగాలి కొడితే కొట్టుకుపోతుంది. అందుకే ముందుది ముందు. రివర్సులో చుక్కాని సరిగ్గా మాట వినదు. ఇరుకు చోట వెనక్కి వెళ్లి కట్టేవాళ్లకి స్టర్న్ థ్రస్టర్ కూడా ఉంటే హాయి. రెండూ ఒకే వైపుకి నొక్కితే పడవ మొత్తం అడ్డంగా జరుగుతుంది. రెండు ఇంజన్ల పడవకి ఈ సలహా అంత వర్తించదు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వేసి తిప్పేస్తారు.

– బ్యాటరీతో నడిచేవి ఆపకుండా నొక్కి ఉంచితే వేడెక్కి ఆగిపోతాయని కూడా చేర్చండి. కొద్దికొద్దిగా నొక్కి వదలాలి.

– అందరికీ ధన్యవాదాలు. థ్రస్టర్ ఉంచేస్తున్నా. ఇంతకీ ‘స్టర్న్’ అనా, ‘స్టెర్న్’ అనా, ఎలా రాయమంటారు?