టెంత్ మెమోలో 55 మార్కులు మాయం, తెలిసినవాళ్లు చెప్పండి

ప్రాణహిత ఒడ్డు: పొద్దున పదింటి నుంచి ఇదే పని. పాప ఆరు సబ్జెక్టుల మార్కులు కూడితే 437. మెమోలో టోటల్ మాత్రం 382. మూడుసార్లు కూడి చూశాను, మా తమ్ముడితోనూ కూడించాను. 55 మార్కులు ఎవరు మింగినట్టు? కాలేజీ ఫారానికి ఎల్లుండే ఆఖరు. టెన్షన్‌తో అన్నం సహించట్లేదు.

మంచిర్యాల మామ: రీకౌంటింగ్ పెట్టు. మా తెలంగాణలో సబ్జెక్టుకు 500.

లెక్కల సారు (రిటైర్డ్): ముందు మాటలు సరిగా వాడదాం. రీకౌంటింగ్ అంటే పేపర్లో వేసిన మార్కులను మళ్లీ కూడటం. మళ్లీ దిద్దడం రీవాల్యుయేషన్. రూల్స్‌లో లేకపోతే దాన్ని హక్కుగా అడగలేమని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది, మహారాష్ట్ర బోర్డు కేసులో. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు మాత్రం సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011లో అదే కోర్టు తేల్చింది. అయినా అందరూ రీకౌంటింగ్, రీకౌంటింగ్ అని...

అహేరి అక్క: సారూ, ఆగండి. తమ్ముడూ, ఏ బోర్డు?

ప్రాణహిత ఒడ్డు: ఏ బోర్డు ఏంటక్కా, మన బోర్డే. మాది సిరోంచ, ప్రాణహితకు మహారాష్ట్ర వైపు ఒడ్డు.

అహేరి అక్క: ఆ ముక్క ముందే చెప్పొద్దా! ఏదైనా సబ్జెక్టులో సరిగ్గా 55 ఉందా చూడు.

ప్రాణహిత ఒడ్డు: మరాఠీలో 55.

అహేరి అక్క: ఇంకేం, దొరికిపోయింది. మహారాష్ట్రలో బెస్ట్ ఆఫ్ ఫైవ్. ఆరింటిలో తక్కువ వచ్చినదాన్ని పక్కనబెట్టి, మిగతా ఐదింటినే 500కి లెక్కేస్తారు. 382 అంటే 76.40 శాతం. ఎవరూ ఏమీ మింగలేదు. ఫొటోకాపీకీ రీవాల్యుయేషన్‌కీ డబ్బులు తగలెయ్యకు.

మంచిర్యాల మామ: ఇదేం లెక్క? మా పిల్లలకు ఆరూ లెక్కే. 437ని 600తో భాగిస్తే 72.83. నది దాటగానే మూడున్నర శాతం ఊరికే పెరుగుతుందా?

పర్లాకిమిడి నుంచి: మా ఒడిశా మెట్రిక్‌లోనూ 600కే లెక్క. 80 శాతం దాటితే ఏ2 గ్రేడు, 90 దాటితే ఏ1. ఒక సబ్జెక్టు వదిలెయ్యడం లేదు.

అహేరి అక్క: మామా, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆ పాపకు తక్కువ వచ్చిన సబ్జెక్టు ఏదో చూశారుగా. మా దగ్గర సగం మంది పిల్లలది ఇదే కథ. మీ పిల్లలకు అమ్మభాషలోనే పేపరు.

లెక్కల సారు (రిటైర్డ్): అసలు జబ్బు బెస్ట్ ఆఫ్ ఫైవ్ కాదు, బడి చేతిలో ఉన్న 20 ఇంటర్నల్ మార్కులు. అడిగితే చాలు, 18 పడతాయి. 2019లో భాషలకూ సోషల్‌కూ అవి తీసేస్తే ఏమైంది? 2018లో 89.41 శాతం ఉన్న మహారాష్ట్ర టెంత్ పాస్ శాతం 77.10కి పడింది. మళ్లీ ఇచ్చేసరికి 2020లో 95.30! పిల్లలు ఒక్క ఏడాదిలో అంత తెలివిమీరారా?

అహేరి అక్క: 2020లో కరోనాతో భూగోళం పేపరే జరగలేదు కదా సారూ. దాన్ని లెక్కలోంచి తీసెయ్యకండి.

లెక్కల సారు (రిటైర్డ్): అది ఒక్క పేపరమ్మా. నేను చెప్పేది మోడరేషన్ గురించి.

పర్లాకిమిడి నుంచి: మోడరేషన్ కాదు సార్, ఇంటర్నల్స్. మోడరేషన్ అంటే పేపరు కష్టంగా వస్తే అందరికీ కలిపే మార్కులు.

లెక్కల సారు (రిటైర్డ్): బాబూ, నేను పేపర్లు దిద్దే స్పాట్‌కి వెళ్లేటప్పటికి నువ్వు పుట్టి ఉండవు.

ప్రాణహిత ఒడ్డు: అయ్యా, నా సంగతి! కాలేజీ నది అవతల, కాళేశ్వరం దాటాక. ఫారంలో '600కి' అని గడి ఉంది. 382 రాస్తే 63 శాతమే అవుతుంది.

అహేరి అక్క: ఓరి నాయనా, అది కూడా ఇప్పుడా చెప్పేది? ఆ గడిలో 437 రాసి, పక్కన 382/500 అని కూడా రాయి. మెమో కాపీ జతచెయ్యి. మీ బోర్డు నాగపూర్ విభాగం నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్, అంటే బోర్డు మారేవాళ్లకిచ్చే కాగితం, తెచ్చుకో. వేరే రాష్ట్రం బోర్డు కాబట్టి తెలంగాణ ఇంటర్ బోర్డు ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా కావాలి. అందరూ మరిచేది అదే.

మంచిర్యాల మామ: నేను మొదటే చెప్పాను, ఆఫీసులో అడగమని.

అహేరి అక్క: ఎప్పుడు చెప్పారు మామా?

ప్రాణహిత ఒడ్డు: 437 రాసి ఇచ్చాను, తీసుకున్నారు. థాంక్స్ అక్కా. మైగ్రేషన్ కోసం రేపు బడికెళ్తా.

దేగ్లూర్ వాసి: మా వాడికి టెంత్ మార్కుల్లో డ్రాయింగ్ గ్రేడ్ పరీక్ష మార్కులు కలవలేదు. ఎవరిని అడగాలి?